ఇస్త్రీ చేసిన ఐదు డాలర్లు

వరలక్ష్మీ వ్రతానికి ఇంకా కలశం తోమాలి, తోరాలు కట్టాలి, పూర్ణాలు వేయించాలి. అమెరికాలోని అరోరాలో నేను అద్దెకుంటున్న ఇంటి వంటగదిలోంచి ఓనర్లు అంకుల్, ఆంటీల మాటలు వినబడ్డాయి.

"నా కలెక్షన్‌లోని పాత ఐదు డాలర్ల నోటేదీ?"

"అమ్మవారి ముందు పెడదామని సబ్బుతో రుద్ది, ఐరన్ చేశానండీ. ముట్టుకుంటే వాంతొచ్చేలా ఉంది, ఛీ."

"ఛీ అనాల్సింది నేను. నలిగిందనే కదా కొన్నాను. వందేళ్ల కిందట ఎవరో అంచున పెన్సిల్‌తో పేరు రాసుకున్నారు."

"ఆ మరకా? అది వదలకపోతే బ్రష్ పెట్టి రుద్దాను."

"తీసెయ్. దాన్నిక చూడలేను."

"ఏం పేరండీ? సంకల్పంలో చెప్పుకుంటాను."

"ఎడ్నా పైక్. గోత్రం అడక్కు."

నోటు మీద ఆ పేరు ఇక లేదు. ఇది చదివినవారు ఎడ్నా పైక్‌ని గుర్తుంచుకోగలరు.