మూడో పేరా

కటక్‌లో గోలఖ్ మౌసా దహీబరా బండి, అంటే గోలఖ్ బాబాయి పెరుగువడల బండి, దగ్గరికి సులగ్న వచ్చేసరికి మూడు గంటల పది నిమిషాలైంది. అంటే చేతిలో ఇంకా నూట పది నిమిషాలున్నాయి. అయిదింటికి ఫెలోషిప్ దరఖాస్తులు మూసేస్తారు. ఆమె గైడు పాణిగ్రాహి సార్ మీటింగు నాలుగింటికి అయిపోతుంది, నాలుగున్నరకి ఆయన రైలుకి బయల్దేరతారు. ఆ అరగంటలోనే సిఫారసు ఉత్తరం మీద ఆయన సంతకం పడాలి.

డాక్టరేట్ వచ్చి రెండేళ్ళ పదకొండు నెలలు. మూడేళ్ళు దాటితే ఈ ఫెలోషిప్ గుమ్మం కూడా ఎక్కనివ్వరు. ఏడాదికోసారి పిలుస్తారు. రెండుసార్లు రాలేదు, ఇది మూడోసారి, ఆఖరిసారి. ఇదీ పోతే బర్హంపూర్‌లో ట్యూషన్ సెంటర్ వాళ్ళు వచ్చే నెల నుంచి రమ్మన్నారు. ఆమె అక్కడ పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ చెప్పుకుంటూ ఉంటే, ఇక్కడ ఉప్పునీళ్ళలో బతికి బట్టకట్టిన నాలుగు వరి రకాలు కుండీల్లోనే ఎండిపోతాయి.

సిఫారసు ఉత్తరం గైడు రాయాలి. కానీ ఏ గైడు రాశాడు గనక! "నువ్వే రాసి పట్రా, సంతకం పెడతా" అనడమే ఆనవాయితీ. పాణిగ్రాహి సార్ కాస్త నయం, పాత ఉత్తరం నకలొకటి ఇచ్చారు. పేరున్న చోటల్లా నల్ల సిరాతో కొట్టేసి, "ఇది చూసి రాసుకో, సొంత తెలివి చూపించకు" అన్నారు. సులగ్న చూపించలేదు. కొట్టేసిన చోటల్లా తన పేరు పెట్టుకుని, తన పొగడ్త తానే టైపు చేసుకుని, సిగ్గుతో చెవులు ఎర్రబడుతుంటే అచ్చు తీసుకుని వచ్చేసింది. ఆ కాగితం ఇప్పుడు ఫైల్లో ఉంది, పక్కనే సార్ ఇచ్చిన నకలు.

బల్ల మీద ఎప్పటిలాగే బిచిత్ర భాయినా, టునా భాయినా కూర్చుని ఉన్నారు. ఆ బల్ల మీద బళ్ళో పేర్లు చెల్లవు, అందరూ భాయినాలే, అంటే అన్నయ్యలే. టునా భాయినా ఎనిమిది నెలలుగా ఆమెకి టునా భాయినానే. వరి సంస్థలో ఏదో పెద్ద పనే చేస్తాడు, నోరు విప్పడు, ఆకుదొప్ప ఖాళీ చేసి లేచిపోతాడు. బిచిత్ర భాయినా ఒక్కడికే ముద్దుపేరు అంటుకోలేదు, ఎందుకంటే "ఈ డాక్టర్ బిచిత్రానంద మహాంతి ఉన్నాడే" అని రోజుకి నలభైసార్లు తనే అంటాడు. ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. మిగతా టైమంతా ఇక్కడే.

"ఏంటి సులూ, మొహం ఆరిన పకోడీలా ఉంది?" అన్నాడతను.

"ఉత్తరం భాయినా. ఒక్కసారి చూసిపెడతారా? మనల్ని మనం ఇంత పొగుడుకోవచ్చా అని."

ఫైలు చాచింది. బిచిత్ర దాని వంక చూడనైనా లేదు. బంగాళదుంపల ఆలూదం పులుసు జుర్రి, మూతి తుడుచుకున్నాడు.

"నువ్వే రాసుకున్నావా? అయ్యో పాపం. ఇదే పాణిగ్రాహి సారు నాకైతే తన చేత్తో రాసిచ్చారు. నేను వద్దంటున్నా, 'లేదు బిచిత్రా, నీ గురించి రాయకపోతే ఈ కలం ఎందుకు' అని, రాత్రంతా కూర్చుని నాలుగంటే నాలుగు పేరాలు. మొదటి వాక్యం నాకిప్పటికీ నోటికొచ్చు. 'ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇటువంటి విద్యార్థి నా గడప తొక్కలేదు.'"

దహీబరా చిదుముతున్న సులగ్న చెయ్యి ఆగింది. ఈ ఉత్తరం కథ ఆమె ఇంతవరకూ వినలేదు, కానీ అదే వాక్యం ఆమె ఫైల్లోనూ ఉంది.

"సరే, పోస్టాఫీసుకి తీసుకెళ్ళా. ఒక్క కాగితం కదా, ఎంత బరువుంటుంది? గుమాస్తా త్రాసులో పెట్టాడు. కిలో ముప్పావు! 'బాబూ, లోపల రాయి పెట్టావా' అన్నాడు. విప్పి చూపించా. కాగితమొక్కటే. అదంతా పొగడ్త బరువు. వాడు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగి, దణ్ణం పెట్టి స్టాంపులు అంటించాడు."

"కాగితం మీద పట్టాయా అన్ని స్టాంపులు?" అన్నాడు గోలఖ్ మౌసా, కుండలోంచి పెరుగు తోడుతూ.

"ఎందుకు పడతాయి మౌసా? కవరుకి తోకలా వేలాడాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీలో కమిటీ కూర్చుంది. పదకొండు మంది. దరఖాస్తులు రెండువందల పదమూడు, ఇచ్చేది ఒకే ఒక్క ఫెలోషిప్. నా ఉత్తరం మొదటి పేరా చదివారో లేదో, అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆరేళ్ళుగా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనివాడు! రెండో పేరాకి తొమ్మిదిమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"మిగతా ఇద్దరూ?"

"స్పృహ తప్పారు. నీళ్ళు చల్లి లేపాల్సొచ్చింది. ఇక నాలుగో పేరా, అమ్మా, అది చదువుతుంటే జరిగింది చెబితే మీరు నమ్మరు."

"అప్పుడెప్పుడో నమ్మినట్టు," అన్నాడు మౌసా.

"బల్ల మీద నమూనాకని గాజు పలకలో పది వడ్లగింజలు పెట్టారు. ఎండువడ్లు. నాలుగో పేరా ఆఖరి మాట అయ్యేసరికి పదీ మొలకెత్తేశాయి! తడి లేదు, మట్టి లేదు. కిటికీలోంచి చూస్తున్న మిగతా రెండువందల పన్నెండు మంది ఏం చేశారనుకున్నావ్ సులూ? తమ దరఖాస్తులు తామే చింపేసుకుని, 'భాయినా, నీ తర్వాతే మేం' అని వరసకట్టి నా కాళ్ళకి మొక్కి వెళ్ళారు. నా నడుం పట్టేసింది, ఒక్కొక్కర్నీ లేపి లేపి."

టునా భాయినా తల వంచుకుని బంగాళదుంప ముక్కని చాలా శ్రద్ధగా రెండు చేశాడు.

"ఆ కబురు దేశాలు దాటింది. మర్నాటికి జర్మనీ ప్రొఫెసరు, జపాన్ ప్రొఫెసరు, బ్రెజిల్ ప్రొఫెసరు కటక్‌లో దిగిపోయారు. మా ఇంటి ముందు కొట్టుకున్నారు. గొడుగులు విరిగాయి. నేనే మధ్యలోకెళ్ళి తీర్పు చెప్పా. సోమ, మంగళ జర్మనీ. బుధ, గురు జపాన్. శుక్ర, శని బ్రెజిల్. ఆదివారం మాత్రం నాది, దహీబరాకి కటక్ రావాల్సిందే. రెండేళ్ళు అలాగే నడిచింది."

వారానికి నాలుగు విమానాలు, రెండేళ్ళకి నాలుగువందల పదహారు అని సులగ్న మనసులో లెక్క కట్టేసింది. ఆదివారం మాత్రం లెక్క సరిపోయింది, వేరే రోజుల్లో కూడా అతను ఇక్కడే కనిపిస్తాడు గానీ.

"జపాన్‌లో ఏం చేశానంటే, సముద్రంలో నాట్లు వేశా. అవును, నడిసముద్రంలో! ఉప్పునీటి వరి కదా మన పని. చూస్తుండగానే పెరిగింది. ఎంతనుకున్నావ్? ఓడ ఇరుక్కుపోయేంత. పందొమ్మిది రోజులు కదల్లేదు. ఓడలో మూడువందల మంది, తిండి అయిపోయింది. కెప్టెను నాకు ఫోను చేశాడు. 'కొడవళ్ళున్నాయా' అన్నా. కోసుకున్నారు, దంచుకున్నారు, పాయసం వండుకున్నారు. కోత అయ్యేసరికి ఓడకి దారి కూడా అయింది!"

"మరి బియ్యం ఉప్పగా ఉండదూ?"

"అందుకేగా మౌసా, వాళ్ళు కూరలో ఉప్పెయ్యడం మానేశారు. ఇంకో ఏడాది ఉంటే చందమామ మీద కూడా నారు పోసేవాణ్ణే, అడిగారు కూడా. కానీ అక్కడ ఆలూదం దొరకదన్నారు. ఛీ, ఏం బతుకు అనుకుని, అప్పటికి చేతికొచ్చిన ఫెలోషిప్పులు పదిహేడూ బల్ల మీద పెట్టేసి, దణ్ణం పెట్టి వచ్చేశా. ఈ డాక్టర్ బిచిత్రానంద మహాంతికి ఫెలోషిప్ రాకపోవడం కాదు, ఫెలోషిప్పులకే బిచిత్రానంద దక్కలేదు. అలాంటి ఉత్తరం పడాలి సులూ! అంతా ఉత్తరంలోనే ఉంది."

మౌసా గరిట పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. గోడగడియారం మూడు ముప్ఫై రెండు.

సులగ్న మాత్రం నవ్వలేదు. ఆమెకో జబ్బుంది, ఏది విన్నా లెక్క సరిపోయిందా అని చూస్తుంది. ఒకటి, రెండు, నాలుగు.

"భాయినా, మూడో పేరాకి ఏమైంది?"

"ఏ మూడో పేరా?"

"మొదటి పేరాకి అధ్యక్షుడు లేచాడు. రెండోదానికి తొమ్మిదిమంది ఏడ్చారు. నాలుగోదానికి వడ్లు మొలిచాయి. నాలుగు పేరాలన్నారు కదా. మూడోది?"

బిచిత్ర దొప్పలోకి చూశాడు. దొప్ప ఖాళీ.

"మూడోదా... అది... టీకి లేచినప్పుడు చదివారు."

టునా భాయినాకి పొలమారింది. దగ్గు ఆగక, మౌసా వీపు మీద చరవాల్సి వచ్చింది.

సులగ్న ఫైలు విప్పింది. "ఎందుకడిగానంటే, సార్ నాకిచ్చిన నకల్లో కూడా నాలుగు పేరాలే. మొదటి వాక్యం అక్షరం పొల్లుపోకుండా మీరు చెప్పిందే. ఇది మీ ఉత్తరమే కదూ? ఒకటి, రెండు, నాలుగు పేరాల్లో పేరు సిరాతో కొట్టేశారు సార్. మూడోదాన్లో మాత్రం కొట్టెయ్యలేదు. 'పొలంలో దిగి పనిచేయడంలో నిరాకార్ బెహెరాకు సాటి రాగలవారు లేరు' అని ఉంది. సార్ గౌరవించే పెద్దాయనెవరో అనుకున్నా. తీసేస్తే కోపమొస్తుందేమోనని నా ఉత్తరంలోనూ అలాగే ఉంచేశా. ఎవరాయన?"

గరిట తీయబోయిన మౌసా చెయ్యి గాల్లోనే ఆగింది.

"పెద్దాయనేంటే తల్లీ! ఇదుగో, నీ పక్కనే కూర్చుని దగ్గుతున్నాడు. వీడి బారసాలకి నేనే వడలు వేశా. నిరాకారే కదట్రా నీ పేరు?"

టునా భాయినా రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. బిచిత్ర వంక చూశాడు. బిచిత్ర కాఠజోడి నది వైపు చూస్తున్నాడు.

"చెప్పమంటావా?" అన్నాడు టునా.

"నే వద్దంటే ఆగుతావా?"

"పన్నెండేళ్ళు ఆగా కదరా." సులగ్న వైపు తిరిగాడు. "అది మొదట నా ఉత్తరమమ్మా, వేరే ఉద్యోగానికి నాకు నేనే రాసుకున్నది. వీడు కాపీ కొట్టాడు. మూడుచోట్ల పేరు మార్చాడు, మూడో పేరాలో మర్చిపోయాడు. సార్ చదవకుండా సంతకం పెట్టారు. ఢిల్లీ నుంచి వీడికి రెండు వాక్యాల జవాబొచ్చింది. 'మీకు ఇవ్వలేకపోతున్నాం. మీ దరఖాస్తులో ప్రస్తావించిన నిరాకార్ బెహెరా గారు ఇంకా దరఖాస్తు చేయకపోతే, వచ్చే ఏడాది చేయమనండి.'"

"చేశారా?"

"వీడే ఫారం తెచ్చి నా చేత నింపించాడు. వచ్చింది. మనీలాలో మూడేళ్ళు. అందుకే తిరిగొచ్చినప్పట్నుంచీ రోజూ వచ్చి వీడి కథ వింటా. ఒక్కనాడూ మధ్యలో అడ్డం రాలేదు. మొదట్లో వడ్లు మొలిచేవి కావు, అవి ఈ మధ్యే మొలుస్తున్నాయి."

"నాలుగేళ్ళయింది," అన్నాడు బిచిత్ర, నది వైపు నుంచి మొహం తిప్పకుండా.

సులగ్నకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఇంకో గంటన్నరలో ఆమె కూడా టునా భాయినాని ఆకాశానికెత్తి, తను బర్హంపూర్ బస్సెక్కేది. మళ్ళీ ఆయనకే పంపేవాళ్ళేమో ఇంకో ఫెలోషిప్!

"మూడో పేరా తీసి పారెయ్," అన్నాడు టునా. "నీదే రాయి. పొలంలో నువ్వేం చేశావ్?"

సులగ్న కలం తీసింది. కాగితం వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టుకుని, పెరుగు మరక పడకుండా మోచేత్తో దొప్ప నెట్టేసి రాసింది. ఈసారి చెవులు ఎర్రబడలేదు. రాసింది పైకి చదివింది.

"'డాక్టర్ సులగ్న మూడు పంటకాలాలు ఉప్పునేలలో నూట పన్నెండు వరి రకాలు నాటింది. మొదటి పంటకి అరవై ఒకటి బతికాయి, రెండో పంటకి పందొమ్మిది. మూడో పంటకి నాలుగు. ఆ నాలుగూ తుపాను మర్నాడు కూడా నిలబడే ఉన్నాయి.'"

గోలఖ్ మౌసా, పోస్టు గుమాస్తా కథ ముప్ఫైసార్లు విన్న మనిషి, "నిజంగా నిలబడ్డాయా అమ్మా?" అన్నాడు.

"నిలబడ్డాయి మౌసా. చూస్తానంటే చూపిస్తా."

బిచిత్ర నది వైపు నుంచి తిరిగాడు. ఆ కాగితం తనూ ఒకసారి చదువుకున్నాడు. "బానే ఉంది గానీ, నాలుగంటే మరీ చప్పగా లేదూ? నలభై అని పెట్టు."

"నాలుగే భాయినా."

"పోనీ, పద్నాలుగు."

"నాలుగు."

"సరే, నీ ఇష్టం. నా మాట వింటే అక్కడ వడ్లు..." టునా చూపు చూసి ఆగిపోయాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు. "గుడి పక్కన జిరాక్సు కొట్టు, అక్కడ అచ్చు. అట్నుంచి సార్ ఆఫీసు. టైమెంత?"

"మూడు నలభై ఎనిమిది."

"ఎక్కు నా స్కూటర్! సార్ సంతకం పెట్టేముందు ఆయన చేత గట్టిగా చదివించే పూచీ నాది. నాలుగు పేరాలూ. పన్నెండేళ్ళ కిందట ఆ ఒక్క పనీ చేయించలేకపోయా."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కోతలు లేవు. సులగ్న ఫైలు గుండెకి హత్తుకుని వెనక కూర్చుంది. బిచిత్ర కిక్కు కొట్టాడు. అతని మొహంలోకి మెల్లగా వెలుగు తిరిగొచ్చింది.

"భయపడకు సులూ. ఈ స్కూటర్ సంగతి నీకు తెలీదు. కిందటి రథయాత్రకి కటక్ నుంచి పూరీ పదకొండు నిమిషాల్లో వెళ్ళా. దారిలో రెండు రైళ్ళని దాటా. మూడో రైలు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, 'బాబూ, కాస్త నెమ్మదిగా...'"

"బిచిత్రా," అన్నాడు గోలఖ్ మౌసా, "ముందు స్టాండు తియ్యరా."