అన్నయ్య నడపని విమానం

"మామ్మా, బెంగళూరులో విమానాల మ్యూజియం చూసొచ్చారంటగా, ఎలా ఉంది?"

బానే ఉందమ్మా... ఆ, బానే ఉంది. పాత విమానాలన్నీ వరసగా పెట్టారు, జనం రెక్కల కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను. నువ్వు గాబట్టి చెప్తున్నా.

మా పెద్దన్నయ్య తెలుసుగా నీకు, నందిగామలో ఉంటాడు. నేను బడికెళ్ళే రోజుల్లో... కాదు, ఇంకా బళ్ళోనే వెయ్యలా, అప్పుడు ఎయిర్‌ఫోర్సులో చేరాడు. విమానం నడుపుతాడని మా నాన్న జగ్గయ్యపేట బజారంతా చెప్పుకునేవాడు. నాన్న మాటకి ఎదురు చెప్పేదెవరు? అన్నయ్య సెలవుకొచ్చినా నోరు విప్పేవాడు కాదు. నేనూ అదే నమ్మా. మా అత్తగారి ఊరు వీరులపాడులో కూడా నన్ను పైలట్ గారి చెల్లెలనేవాళ్ళు.

మొన్న మా అమ్మాయి నన్నూ అన్నయ్యనీ ఆ మ్యూజియానికి తీసుకెళ్ళింది. అనంతపురం నుంచొచ్చిన స్కూలు పిల్లలు కనిపించారు, మన తెలుగు పిల్లలే. నాకు ఊపొచ్చి, "ఈ తాతగారు ఇలాంటివే నడిపారు" అన్నా పెద్దగా. అందరూ మూగారు. వాళ్ళ టీచరు నమస్కారం పెట్టి, "ఏ విమానం నడిపారండీ?" అనడిగింది.

అన్నయ్య ఆ రెక్క వైపు చూసి, "నేను నడపలేదమ్మా. నడిపేవాళ్ళకి మెస్సులో వంట చేసేవాణ్ణి" అన్నాడు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలా. ఏం చేశానో తెలుసా, పక్కకి జరిగిపోయా. ఆయన మావాడు కానట్టు, అవతల బోర్డేదో చదువుతున్నట్టు నిలబడ్డా. అదేమో ఇంగ్లీషు, నాకు రాదు.

పిల్లలు మాత్రం కదల్లా. పైకెళ్ళే ముందు పైలట్లేం తినేవాళ్ళు తాతా అనడిగారు. అన్నయ్య చెప్తానే ఉన్నాడు. తెల్లారకముందే టీ పెట్టేవాణ్ణి, పరోటాలు కాల్చేవాణ్ణి అని. ఒక పైలట్ అబ్బాయి తిరిగొచ్చాక తింటానని వెళ్తే ప్లేటు మీద మూతపెట్టి ఉంచాడంట, సాయంత్రం దాకా. ఆ అబ్బాయి రాలేదంట. అన్నయ్య అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. నేను అడిగితేగా.

కారులో వస్తుంటే, "నామోషీగా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు మెల్లగా. లేదన్నయ్యా అన్నా. నేను పక్కకి జరగటం ఆయన చూశాడమ్మా. చూశాడు...

సరేలే, పొద్దుపోతోంది. ఇంత తిని వెళ్ళు. చల్లగా ఉండు తల్లీ.