తోడు వచ్చినవాళ్లు కూడా రావచ్చు

ఆస్పత్రిలో మీటింగు గది బయట బెంచీ. మూత్రాశయ జబ్బుతో ఏళ్లుగా వేగుతున్నవాళ్లను పిలిచి, ముందు దేనిమీద పరిశోధన చెయ్యాలో మీరే చెప్పండని డాక్టర్లు అడుగుతున్నారు. పిలుపు కోసం భార్యాభర్తలిద్దరు కూర్చున్నారు.

"మీరు వెళ్లి టీ తాగి రండి."

"ఇందాకే తాగాను కదా."

"ఇంకోటి తాగండి."

"నన్ను పంపించెయ్యాలని చూస్తున్నావు. తోడు వచ్చినవాళ్లు కూడా లోపలికి రావచ్చన్నారు. నేనూ విన్నాను."

"రావచ్చన్నారు. రావాలనలేదు."

"దుకాణం మూసుకుని వచ్చింది బెంచీకి కాపలా కాయడానికా?"

"లోపల ఆడవాళ్లం ఏవో చెప్పుకుంటాం. మధ్యలో మీరెందుకు?"

"ఇప్పుడే ఇద్దరు మగాళ్లు వెళ్లారు."

"వాళ్లకీ జబ్బే."

"నీ జబ్బు నాకు తెలీనిదా? మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం. ఇంకేముంది దాచడానికి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే వస్తాను."

"అమ్మా, తర్వాత మీరే. నేను ఇక్కడి నర్సుని. లోపల గాభరా పడకుండా ఒకసారి ఇక్కడే చెప్పించమన్నారు డాక్టరుగారు."

"లోపలే చెప్తాలెండి, సిస్టర్."

"అందరూ అలాగే అని, లోపలికెళ్లి మందు బాగుంది, మీరు దేవుడు అని వచ్చేస్తున్నారు. ఆయనకి అది అక్కర్లేదట. ఈ జబ్బు మీ ఇంట్లో ఎక్కువ పాడుచేసింది ఏమిటి, అది కావాలట."

"నొప్పి అని రాసుకోండి."

"నొప్పి అందరూ చెప్పారమ్మా."

"నేను చెప్పనా, సిస్టర్? మా అక్కావాళ్లింటికి రమ్మంటే రాదు. అది రాసుకోండి."

"వాళ్లింట్లో బాత్రూముకి హాలు మధ్యలోంచి వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా మీ అక్క 'మళ్లీనా' అంటుంది."

"ఎప్పుడూ చెప్పలేదే. మావాళ్లంటే పడదనుకున్నాను."

"అనుకోండి. అదే నయం."

"ఇలాంటివే కావాలమ్మా. ఇంకా?"

"ఇంకేం లేవు."

"ఆ గొంతు వింటే ఉన్నట్టే ఉంది."

"నిద్ర, సిస్టర్. రాత్రంతా లేస్తూనే ఉంటాను. లేచినప్పుడల్లా లైటు, తలుపు, నీళ్ల చప్పుడు. పక్కన పడుకున్నవాళ్లకి కునుకుండదు. పొద్దున్నే దుకాణం తియ్యాల్సిన మనిషి. అందుకే పక్క గదిలోకి మారిపోయాను. పక్కవాళ్ల నిద్ర చెడకుండా, ఒకే మంచం మీద ఈ జబ్బుతో బతకడం ఎలాగో, ముందు అది కనిపెట్టమనండి."

"ఉండు. గురక అన్నావు కదా?"

"సిస్టర్, లోపలికి వెళ్దామా?"

"నా గురకకి నిద్ర పట్టట్లేదని కదా మారావు?"

"జబ్బని చెప్తే మీరు ఫర్లేదు, ఇక్కడే ఉండమంటారు. రోజూ నిద్ర మానుకుంటారు. గురకని చెప్తే ఇంక మాట్లాడరని."

"మాట్లాడలేదు. వెళ్లి ముక్కు ఆపరేషన్ చేయించుకున్నాను."

"అది సైనస్‌కి కదా?"

"సైనసూ లేదు, పాడూ లేదు. నువ్వు తిరిగొస్తావని చేయించుకున్నాను. గురక పోయింది, నువ్వు రాలేదు. సరే, నేనంటేనే పడట్లేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను."