మాడిస్తేనే నూనె

ఆ నిచ్చెన దించు నాయనా ముందు! మీటరు ఎక్కడికీ పారిపోదులే. వచ్చీ రాగానే కరెంటు పీకేస్తానంటే ఎలా? కాఫీ పెట్టాను, తాగు. కుర్చీలో పిల్లి ఉంటే తోసెయ్.

ఏమిటీ, నాచు నూనె కంపెనీ మూసేశారు, ఇక బిల్లు కట్టేవాళ్ళు లేరనా? నాకు తెలీదా! మడుగులన్నీ ఎండిపోయి, మా ఇంటి వెనక ఇదొక్కటే మిగిలింది. నీళ్ళు తిప్పే ఆ తెడ్ల చక్రం వినపడుతోందా, టపటపా? అది ఆగిందంటే నాచంతా అడుక్కి దిగిపోతుంది. ఈ డెమింగ్ ఊరి ఎండకి సాయంత్రానికల్లా కుళ్ళు కంపు. అంతే సంగతులు.

అది ఎవరి నాచనుకున్నావ్? మా ఆయనది, ఎలిసేయోది. ఆవులు తాగే తొట్టికి పట్టింది. అందరూ గీకి పారేస్తే, ఈయన సీసాలో పట్టుకెళ్ళి కంపెనీ వాళ్ళ ముందు పెట్టాడు, "దీంట్లో డీజిల్ ఉంది సార్" అని! నీకు ఎండదెబ్బ తగిలిందయ్యా అని నవ్వారుట. తీరా పిండి చూస్తే నూనే నూనె! మడుగులన్నీ ఆయన చేతికే అప్పజెప్పారు.

ఆ డీజిల్ పోసే మా డొక్కు ట్రక్కు నడిపాడు. వెళ్ళినచోటల్లా వేపుడు వాసన. చర్చి దగ్గర ఆడాళ్ళు, "ఒరాలియా, మీ ఆయన బండి వస్తుంటే ఆకలేస్తోందే" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయనకి సిగ్గు!

కానీ దీనితో ఓ తిరకాసుంది. యూరియా వేస్తే పచ్చగా పెరుగుతుంది, నూనె మాత్రం చెయ్యదు. తిండి ఆపాలి. కడుపు మాడితేనే పసుపు తిరిగి, ఒంట్లో నూనె దాచుకుంటుంది. అందుకని కొన్ని మడుగులు మాడ్చి, కొన్ని విత్తనానికని మేపేవాడు ఎలిసేయో.

ఆయన పోయాక వచ్చిన మేనేజరు ఉన్నాడే, పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని అన్నిటినీ ఒక్కసారే మాడ్చేశాడు! వాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళారు. మరి విత్తనానికేదీ? నీరసించిన నాచుని పురుగులు తినేశాయి. దుకాణం బంద్.

నేను ముందే ఒక బకెట్టు నాచు ఎత్తుకొచ్చి ఈ మడుగులో పోసుకున్నాను. దొంగతనమే అనుకో. ఏం చేస్తావ్?

నూనె తీసి అమ్ముకోవచ్చుగా అంటావా? అందరూ అదే అంటారు. ఆ పత్తి రైతు లుసెరో కూడా వచ్చాడు. "ఒరాలియా, కరెంటు నా పేర రాయించుకుంటాను, మడుగూ బతుకుతుంది. సగం మేపుకో, సగానికి తిండి ఆపి ఆ నూనె నాకియ్యి చాలు" అన్నాడు. మంచి మాటే. సరేనన్నాను. మడుక్కి మధ్యలో అడ్డు కట్టించి, ఇవతల సగానికి యూరియా ఆపేశాను.

ఓ పొద్దున వెళ్ళి చూద్దును కదా, ఇవతలంతా పసుపు.

ఎలిసేయోకి గొంతులో పుండు నాయనా. ఆఖర్న జావ కూడా దిగలేదు. చెంచా పట్టుకుని పక్కనే కూచునేదాన్ని. ఒళ్ళంతా అదే రంగు. "ఆకలేస్తోందే" అనేవాడు. ఇంటినిండా తిండి. ఏం పెట్టను?

పరుగెత్తుకెళ్ళి ఆ సగంలోనూ యూరియా వేసేశాను. మళ్ళీ పచ్చబడింది. లుసెరో వచ్చి చూసి, "నీకు మతి పోయింది" అని చక్కా పోయాడు. నిజమే, ఒక్క చుక్క నూనె లేదు ఇందులో. చేజేతులా పోగొట్టుకున్నాను. ఏం చెయ్యమంటావ్? ఇంకొకళ్ళని ఆకలితో మాడ్చడం నా వల్ల కాలేదు.

నువ్వేం తల దించుకోకు, నీ ఉద్యోగం నీది. ఒక్క నిమిషం, ఈ పూట యూరియా వేసొస్తాను. పోయేది ఎలాగూ పోతుంది, కడుపునిండా తిని పోనీ.

ఆ, అయింది. ఇక పీకెయ్.

ఒక్కమాట నాయనా. చక్రం ఆగగానే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోకేం? ఆయన పోయినప్పట్నుంచీ ఈ ఇంట్లో చప్పుడంటే అదొక్కటే. కాసేపు కూచో. కాఫీ ఇంకా ఉంది.