మూడో ఏటి పురుగు

వాల్యెవో ఊరి దగ్గర మా కొండ మీద, కంచెకు ఇవతల మా తోటలో నేను కొడవలి నూరుకుంటున్నాను. అవతల, ప్లమ్ పళ్ల సారా కాచడానికి కొత్తగా కట్టిన బట్టీ ముందు తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు.

"నాన్నా, పై తోట ఆకులు పరీక్షిస్తే పురుగుమందు తేలిందట. పక్కాయన కొట్టింది గాలికి ఇటొచ్చి ఉంటుంది. వెళ్లి అడుగుతాను."

"ఆయన్నేం అనకు. నేనే కొట్టాను."

"నువ్వా? మూడేళ్లు మందు కొట్టకుండా ఉంటేనే సీసా మీద సేంద్రియ ముద్ర వేస్తారని చెప్పాను కదా. ఇది మూడో ఏడు."

"నాకు చెప్పావు. పురుగుకి చెప్పలేదు."

"నవ్వులాట కాదు. ముద్ర లేకపోతే బెల్‌గ్రేడ్ హోటళ్లవాళ్లు కొనరు. మళ్లీ మొదటి ఏటి నుంచి మొదలుపెట్టాలి."

"నలభై ఏళ్లు చెట్లు పెంచినవాణ్ణి. పిందెలు రాలిపోతుంటే చూస్తూ ఎట్లా కూర్చోనే?"

"సరే, పోయింది పోయింది. కింది తోట మిగిలింది. ఈ ఏటికి దాని పళ్లతోనే సారా కాద్దాం. రేపు ఆ ఆకులు పరీక్షకి పంపిస్తాను."

ఆయన బట్టీ మీద దుమ్ము తుడవసాగాడు.

"నాన్నా, కింది తోట ముట్టుకోలేదుగా?"

"అక్కడ పురుగు లేదమ్మా."

"బతికించావు."

"పురుగు పడకముందే కొట్టాను. నీ బట్టీకి మంచి పళ్లు కావాలి కదా."