అక్క సంతకం

ఉతికి ఆరేసిన దుప్పటిని అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో అంచూ పట్టుకుని మడత పెడుతున్నారు. పక్క గదిలో, మంచం మీద అమ్మ. నాలుగు కావడానికి ఇంకా కాస్త టైముంది.

"గట్టిగా లాగు పొట్టీ. ముడతుంటే అమ్మ వీపుకి ఒత్తుకుంటుంది."

"లాగుతున్నాగా. అక్కా, ముందు నేను చెప్పేది విను. వచ్చేసింది."

"ఏం వచ్చేసింది?"

"వీసా వాళ్ళ నోటు. ఎందుకు కాదన్నారో ఆఫీసరు ఫైల్లో రాసుకుంటాడట. మనం అడిగితే పంపిస్తారు. నెల్లాళ్ళ కింద అడిగాను. ఇవాళ మెయిల్ చేశారు."

"కాదన్న రోజే ఉత్తరం ఇచ్చారుగా?"

"అందులో ఒక్క ముక్కే. 'చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు' అని. చాలామందికి అదే ముక్క కొడతారట. అసలు సంగతి నోట్లో ఉంటుందని కన్సల్టెన్సీ ఆయన చెప్పాడు."

"ఇటు రా. నీ అంచు నాకివ్వు. ఊఁ... సూపరింటెండెంటు గారు మళ్ళీ ఫోన్ చేశారు."

"ఏ సూపరింటెండెంటు?"

"నర్సింగ్ స్కూలావిడ. చెప్పాను కదే. నేను మధ్యలో ఆపేసిన కోర్సులో మళ్ళీ చేర్చుకుంటామన్నారని. హాస్టల్లో మంచం కూడా..."

"ఆఁ, ఆఁ, చెప్పావు. అది తర్వాత మాట్లాడుకుందాం అక్కా. ముందు నాది తేలనీ. శుక్రవారం దాకానే ఉంది నాకు."

"శుక్రవారం ఏముంది?"

"కాలేజీ వాళ్ళు నా సీటు వచ్చే టర్ముకి జరుపుతామన్నారు. వీసాకి మళ్ళీ పెట్టినట్టు శుక్రవారంలోగా చూపించాలి. ఒకసారి కాదన్నారని అయిపోలేదట. మళ్ళీ పెట్టుకోవచ్చు. కాకపోతే పాత కాగితాలే పెడితే పాత జవాబే వస్తుంది. వాళ్ళకి ఎక్కడ అనుమానం వచ్చిందో అక్కడ కొత్త రుజువు చూపించాలి."

"పాతదాన్నే ఇంకోసారి చూడమని అడగకూడదా?"

"తప్పు వాళ్ళదైతే అడగొచ్చు. ఇక్కడ తప్పు వాళ్ళది కాదు."

"మరెవరిది?"

"అదే నిన్ను అడుగుదామని... ఆ కుర్తాలు సంచిలో పెడుతున్నావేం? ఇస్త్రీకా?"

"ఊఁ. నువ్వు చెప్పు."

"నీకు వీసా ఆఫీసు నుంచి ఫోనొచ్చిందా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడూ అంటున్నావంటే వచ్చిందన్నమాట."

"రోజుకి వంద ఫోన్లొస్తాయి. ఏదని..."

"అక్కా."

"వచ్చింది. అప్పుడు అమ్మకి మందు పోస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

"ఇది అడిగే విషయమా? కాదన్న రోజు నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నువ్వు తల నిమిరావు. నీకు అప్పుడు తెలుసా, నీవల్లేనని?"

"తెలీదు. అనుమానం ఉంది."

"అనుమానం ఉండి నిమిరావా?"

"ఏడుస్తుంటే నిమరక ఏం చేస్తారు?"

"అయ్యో! ఇంట్లోవాళ్ళ నంబరు ఒకటి ఇమ్మంటే, నీకన్నా నమ్మకమైనవాళ్ళు ఎవరున్నారని నీదిచ్చాను. నీదిచ్చాను చూడు! విను, ఏం రాశాడో. 'అభ్యర్థి అక్కతో ఫోన్లో మాట్లాడాం. చెల్లెలి ఆలోచన ఏమిటని అడగగా వెళ్ళిపోతుంది అన్నారు.' మధ్యలో అనువాదం చేసేవాడు ఆ మాట మన అక్షరాల్లోనే రాశాడు, చూడు. పక్కన అర్థం కూడా ఇచ్చాడు. 'తిరిగి రాదు' అని."

"అంతేగా దాని అర్థం."

"వెళ్ళొస్తుంది అనొచ్చు కదక్కా! వీధి చివర మందుల షాపుకెళ్ళినా వెళ్ళొస్తా అంటాం. నీ నోటికి ఆ మాటే రాలేదా?"

"నువ్వెప్పుడన్నావు?"

"ఏంటి?"

"ఆ మాట నువ్వెప్పుడన్నావు? పొద్దున ల్యాబుకెళ్తూ 'పోతున్నా' అంటావు. ఈ చదువు సంగతి వచ్చినప్పుడల్లా 'వెళ్ళిపోతా అక్కా, ఈ మందుల వాసన వదిలి వెళ్ళిపోతా' అంటావు. ఆయన నీ ఆలోచన అడిగాడు. నీ మాటే ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను."

"మాటవరసకి అంటారు! విసుగొచ్చి అంటారు!"

"ఏది మాటవరసో ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? 'అమ్మని రెండేళ్ళు నువ్వు చూడు, ఆ తర్వాత నేను' అన్నావు. అది కూడా మాటవరసేనా?"

"అది వేరు."

"నిజం చెప్పు. వస్తావా?"

"రెండేళ్ళే కదా కోర్సు."

"కోర్సు ఎన్నేళ్ళని అడగలేదు."

"అబ్బా, ఇప్పుడు అది కాదక్కా విషయం."

"సరే. నీ ఉత్తరంలో ఏదో ఉందని ఆయన ముందు నన్నడిగాడు. అది నోట్లో ఉందా?"

"ముందేముంటుంది?"

"ఉంటుంది. పైన చూడు."

"...ఉంది."

"చదువు."

"ఎందుకులే, అది పాత సంగతి."

"చదువమ్మా. ఆ దిండు గలీబు ఇలా పడేసి చదువు."

"'మంచం పట్టిన తల్లిని ఆరేళ్ళుగా తానొక్కతే చూసుకుంటున్నానని, అందువల్ల చదువు కాగానే తప్పక తిరిగొస్తానని అభ్యర్థి ఉత్తరంలో రాశారు.'"

"ఆరేళ్ళుగా. తానొక్కతే."

"కన్సల్టెన్సీ ఆయన రాయించాడక్కా. వెనక్కి రావడానికి గట్టి కారణం చూపించాలన్నాడు. అమ్మకన్నా గట్టి కారణం ఏముంటుంది?"

"మరి నేనెక్కడున్నాను అందులో?"

"అదీ... ఆయనే రాయించాడు."

"ఎక్కడున్నానే?"

"అక్కకి పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటుందని రాశాం."

"ఓహో. నాకు పెళ్ళి కూడా చేశావన్నమాట. పెళ్ళికొడుకు ఏం చేస్తుంటాడో అదైనా చెప్పాల్సింది. ఫోన్లో అమ్మ దగ్గరున్నానంటే ఆయన 'మీరు పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చారా' అన్నాడు, బిత్తరపోయాను. ఒక చేతిలో ఫోను, ఒక చేత్తో అమ్మ గడ్డం పట్టుకునున్నాను, మందు కారిపోకుండా."

"అప్పుడే అవునని ఉంటే సరిపోయేది!"

"ఏమని? చుట్టాన్నని?"

"నవ్వులాటగా ఉందా నీకు? నాతోటి వాళ్ళు ముగ్గురు అక్కడ క్లాసులకి వెళ్తున్నారు. నేను ఇక్కడ ల్యాబులో సీసాల మీద నంబర్లు అంటిస్తున్నాను. నన్ను నిలువునా ముంచావక్కా. బయటివాళ్ళెవరో కాదు, నువ్వు."

"ఆ తువ్వాలు ఇటందుకో."

"సరే, జరిగిందేదో జరిగింది. దీనికి ఒకటే దారి ఉంది. ఉత్తరం రాసుకొచ్చాను. నువ్వు సంతకం పెట్టాలి."

"చదువు."

"'ఆ రోజు ఫోన్లో కంగారుపడి పొరపాటుగా మాట్లాడాను. మా అమ్మను చూసుకునేది నా చెల్లెలే. మందులు, స్నానం, పక్కకి తిప్పడం అన్నీ తనే చేస్తుంది. నేను ఈ ఇంట్లో ఉండను.'"

"నేను ఈ ఇంట్లో ఉండను."

"కాగితం మీదే కదా."

"మళ్ళీ అబద్ధమే పెడతావా? మొదట తప్పు రాశానని ఒప్పుకుని నిజం రాయకూడదా?"

"భయమేసిందక్కా. అబద్ధం రాశామని తేలితే కొన్నేళ్ళు అసలు గడపే తొక్కనివ్వరట. నిజం చెప్తే నాకు వెనక్కి రావడానికి కారణమే లేదని తేలుతుంది. అన్నీ నువ్వే చేస్తావు కదా."

"అదైనా నోటితో అన్నావు. టైమెంతయింది?"

"నాలుగు."

"అమ్మని తిప్పాలి. ఏ పక్కకి?"

"నువ్వే తిప్పుతావుగా."

"ఏ పక్కకి తిప్పాలి పొట్టీ?"

"...కుడి పక్కకి."

"కుడి తుంటి మీద పుండయింది. పది రోజులైంది."

"నాకు తెలీదు. నువ్వు చెప్పలేదు."

"ఎడమకి తిప్పాలి. మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టాలి. ఆరింటికి వెల్లకిలా పడుకోబెట్టాలి, కాసేపే. పుండుకి మందు రెండుపూటలా. అంతా రాసి మందుల డబ్బా పైన గోడకి అంటించాను."

"ఇప్పుడు చీటీ ఎందుకు? నువ్వున్నావుగా."

"పెన్నివ్వు."

"పెడతావా? నిజంగా? అక్కా, నువ్వు బంగారానివే. కోప్పడ్డాను, ఏమీ అనుకోకు. ఇక్కడ, ఈ గీత మీద. పేరు విడిగా రాయాలి."

"చెయ్యి తియ్యి, కాగితం నలుగుతుంది. తారీకు వెయ్యనా?"

"ఇవాళ్టిదే వెయ్యి."

"వేశాను. ఇదిగో."

"ఒట్టు అక్కా, ఈ ఒక్కసారికే. నీచేత అబద్ధానికి సంతకం పెట్టించాను కానీ..."

"అబద్ధానికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. ఇప్పుడూ పెట్టలేదు."

"అదేంటి? ఇందులో ఉన్నదంతా... అక్కా? సంచి భుజానికేశావేం? ఇస్త్రీ షాపు ఇవాళ మూసేశాడు కదా. అక్కా, నిన్నే. అది బయటికెళ్ళే చెప్పుల జత కదా... హాస్టలుకా? ఇవాళేనా? నాకు రేపు ల్యాబుంది! అదిగో, అమ్మ చెంచాతో గ్లాసు కొడుతోంది, నిన్నే పిలుస్తోంది. ఏమని చెప్పను? అక్కా, కోపమైతే తిట్టు. ఈ ఉత్తరం చింపెయ్యమంటే చింపేస్తాను, ఇదిగో. అటు తిరక్కు. కనీసం వెళ్ళొస్తా అను. ఒక్కసారి... వెళ్ళొస్తా అని అనక్కా!"

అక్క ఏమీ అనలేదు. గుమ్మం దాటి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది.