ఇసుకలోకి విసిరేసిన బెండు

నా పేరు సూరాడ అమ్మడు. భర్త పేరు నేను పలకను. గుమస్తా గారు రాసుకున్నారు, సూరాడ నూకయ్య అని. నా వయసు ముప్పై రెండు ఉంటుంది. చేపలు ఎండబెట్టి ఆమదాలవలసలో అమ్ముతాను. ఊరు పెద్దగెడ్డపేట, సముద్రం ఒడ్డు. ఈ రోజు 1968 అక్టోబరు 17, గురువారం, పగలు పదకొండు గంటలకు మేజిస్ట్రేటు గారి ఎదుట చెబుతున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, భయపెట్టలేదు. నా భయం వేరే ఉంది.

సోమవారం తెల్లవారుతుండగా మా ఆయన, పక్కింటి లక్ష్ముడు తెప్ప మీద వేటకు వెళ్లారు. మధ్యాహ్నం గాలివాన లేచింది. మిగతా తెప్పలన్నీ ఒడ్డుకు చేరాయి. వాళ్లది రాలేదు. వాళ్ల దగ్గర ఒక కుండ మంచినీళ్లు ఉన్నాయి. ఇద్దరికి రెండు రోజులు వస్తాయి. ఈ రోజు నాలుగో రోజు.

తమరి బల్ల మీదున్న కొయ్య బెండు గురించి అడిగారు. వల తేలడానికి కట్టే బెండు లాగే ఉంటుంది కానీ దీన్ని వలకు కట్టం. మట్టి చట్టిలో సముద్రపు నీళ్లు పోసి, ఇది అందులో వదిలి, తప్పిపోయిన మనిషిని పేరు పెట్టి పిలిస్తే, దీని చిల్లు ఆ మనిషి ఉన్న దిక్కుకు తిరుగుతుంది. నాలుగేళ్ల కిందట మా మామ వేటకెళ్లి పొగమంచులో దారి తప్పితే మా అత్త దానమ్మ పిలిచింది. తిరిగింది. మామ ఇంటికొచ్చాడు. నేను కళ్లారా చూశాను. తమరికి నవ్వొచ్చినా అలాగే రాయించండి.

అత్త పోయేముందు దీన్ని నా చేతిలో పెట్టింది. "ఇది నీదే అమ్మడూ. రేపు ఎవులికైనా ఇయ్యాలంటే సేతిలో ఎట్టి, నీదే అని సెప్పాల. ఊరికే తీసుకున్నోల మాట ఇది ఇనదు" అంది.

కిందటి ఏడాది మా ఆయనకూ మరిది అసిరయ్యకూ వాటాలు పంచారు. మాలో పంపకాలు ఒడ్డునే జరుగుతాయి. సామాను రెండు కుప్పలు పోస్తారు. ఒకరి దగ్గరున్న వస్తువు ఇంకొకరి వాటాకు పోతే, ఉన్నవాళ్లే దాన్ని చేతికి అందించి, నీదే అనాలి. బెండు అసిరయ్య వాటాకు పోయింది. అత్త నాకిచ్చినదాన్ని కుప్పలో ఎలా వేశారని అరిచాను. పెద్దలు వినలేదు. "కోపమెందుకే, మరిది సేతికియ్యి" అన్నారు. నేను ఇవ్వలేదు. ఇసుకలోకి విసిరేశాను. అసిరయ్య వంగి ఏరుకున్నాడు. వాణ్ణి అలా వంగబెట్టినందుకు ఆ రోజు నాకు కడుపు చల్లబడింది. ఎంత బుద్ధిలేనిదాన్ని!

మంగళవారం అసిరయ్య ఆ బెండు తీసుకుని నావ మీద అన్నను వెతకడానికి వెళ్లాడు. వాడు చెడ్డవాడు కాదు. సాయంత్రం వచ్చి, "పిలిసి పిలిసి గొంతు పోనాది వొదినా. అది కదల్నేదు" అన్నాడు. నాకిమ్మని కాళ్లు పట్టుకున్నాను. "నా వాటాకొచ్చినాది. నీ సేతికిత్తే మల్లీ వస్తాదేటి?" అని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

బుధవారం ఉదయం ఆరు గంటలకు వాడు ఇంట్లో లేనప్పుడు వెళ్లి, రోకలితో పెట్టె బద్దలుకొట్టాను. బెండు తీసుకుని ఒడ్డుకు పరుగెత్తాను. చట్టిలో నీళ్లు పోసి పిలిచాను. పెళ్లయ్యాక ఏనాడూ పలకని పేరు పదకొండు సార్లు పిలిచాను. అది తిరగలేదు. పదకొండు సార్లూ తిరగలేదు. ఈలోగా అసిరయ్య భార్య తవిటమ్మ కేకలు వేసింది. మునసబు గారు వచ్చి నన్నూ బెండునూ కానిస్టేబులుకు అప్పగించారు.

స్టేషనులో కూర్చున్నాక నాకు తెలిసివచ్చింది. అత్త ఇచ్చినదాన్ని నేనే విసిరేసి వదులుకున్నాను. అసిరయ్యకు ఇవ్వలేదు, వాడు ఏరుకున్నాడు. వాడు నాకు ఇవ్వలేదు, నేను దొంగిలించాను. ఇద్దరి మాటా అది ఎందుకు వింటుంది?

అది నాదేనని చెప్పాలని నిన్న అనుకున్నాను. ఇందాక వరండాలో గుమస్తా గణపతిరావు గారు చెప్పారు. నాదని వాదిస్తే, ఎవరిదో తేలేదాకా వస్తువు కోర్టులోనే ఉంటుందట. అందుకు నెలలు పడుతుందట. నేరం ఒప్పుకుంటే నన్ను జైలుకు పంపుతారట, వస్తువు ఇవాళే అసిరయ్యకు ఇచ్చేస్తారట. అయ్యా, ఈ రోజు నాలుగో రోజు.

కాబట్టి రాసుకోండి. ఆ బెండు అసిరయ్యది. నేను దొంగతనం చేశాను. ఎన్ని నెలలు వేసినా ఉంటాను. ఒక్కటే అడుగుతున్నాను. దాన్ని జవానుతో ఇప్పించకండి. అసిరయ్య బయట వరండాలోనే ఉన్నాడు, పిలిపించండి. బేడీలు వేసే ఉంచండి, నా చేత్తో వాడి చేతిలో పెడతాను. నీదేరా అంటాను. పైపైన కాదు, మనసారా అంటాను. ఆ తర్వాత అది ఇంకెప్పుడూ నా మాట వినదు. వినక్కర్లేదు.

అప్పటికీ తిరగకపోతే ఏం చేస్తావని తమరు అడిగారు. జైల్లో కూర్చుని ఆయన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాను.

రాసినదంతా గుమస్తా గారు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నేను చెప్పింది జరిగినట్టే ఉంది. చదువు రాదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను. ఇక్కణ్ణుంచి మా ఊరికి రెండు గంటల దారి. అసిరయ్య నావ నీళ్లలోనే ఉంది. అయ్యా, సిరా ఆరేదాకా ఆగకండి.

సూరాడ అమ్మడు, ఎడమచేతి బొటనవేలి ముద్ర